మొదటి చార్లెస్, పార్లమెంటు: అసలు గొడవ దేని గురించి?

కృష్ణాతీరం (ఆదివారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో చాలా ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఉన్నదే చెప్పేవాణ్ణి. తన అధికారం దేవుడిచ్చిందని నమ్మాడు, పార్లమెంటుతో తగాదా పడ్డాడు, అంతర్యుద్ధం వచ్చింది, 1649లో తల నరికారు. పిల్లలు రాసుకునేవాళ్లు, మార్కులు వచ్చేవి. ఇప్పుడు తీరిగ్గా చదువుతుంటే ఆ నాలుగు ముక్కల మధ్య ఎంత కథ ఉందో తెలిసి, మీ అందరితో మాట్లాడాలనిపించింది.

నాకు అర్థమైనంతలో ఈ గొడవ మొదలైంది ఖజానా దగ్గర. చార్లెస్ 1625 మార్చిలో గద్దెనెక్కాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం వసూలు చేసుకునే హక్కును కొత్త రాజుకి జీవితాంతానికి ఇచ్చేయడం అప్పటికి ఆనవాయితీ. పార్లమెంటులోని దిగువ సభ, కామన్స్ సభ, ఈసారి ఒక్క ఏడాదికే ఇస్తామంది. రాజుకి అది అవమానమనిపించింది. సభ ఇచ్చినా ఇవ్వకపోయినా వసూలు చేస్తూనే పోయాడు. స్పెయిన్‌తో ఒకటి, తర్వాత ఫ్రాన్సుతో ఒకటి యుద్ధాలు పెట్టుకున్నాడు. డబ్బు చాల్లేదు. 1626లో సభను రద్దు చేసి, కలిగినవాళ్ల దగ్గర బలవంతంగా అప్పు రాబట్టాడు. ఇవ్వనన్నవాళ్లను జైల్లో పెట్టించాడు. మమ్మల్ని ఎందుకు పెట్టారో చెప్పమని ఐదుగురు నైట్లు కోర్టుకెక్కితే, రాజాజ్ఞ అన్నదొక్కటే జవాబు.

దాని మీద వచ్చిందే 1628 నాటి హక్కుల విజ్ఞాపన. పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయకూడదు, కారణం చెప్పకుండా ఎవర్నీ ఖైదు చేయకూడదు, జనం ఇళ్లలో సైనికుల్ని దించకూడదు, శాంతికాలంలో సైనిక చట్టం వాడకూడదు. రాజు సరేనన్నాడు. కొద్దిరోజులకే, సుంకాలు దీని కిందికి రావన్నాడు.

నన్ను కట్టిపడేసిన రోజు 1629 మార్చి 2. సభను వాయిదా వేయమని రాజు దగ్గర్నుంచి ఆజ్ఞ వచ్చింది. స్పీకర్ జాన్ ఫించ్ కుర్చీలోంచి లేవబోయాడు. స్పీకర్ లేచాడంటే సభ అయిపోయినట్టే. డెంజిల్ హోల్స్, బెంజమిన్ వాలెంటైన్ అనే ఇద్దరు సభ్యులు ఆయన్ని పట్టుకుని మళ్లీ కుర్చీలో కూలేశారు. స్పీకర్ ఏడుస్తున్నాడు. లోపల తలుపుకి తాళం వేశారు, బయట రాజు మనిషి తలుపు కొడుతున్నాడు. ఆ గందరగోళంలోనే మూడు తీర్మానాలు చదివి అవుననిపించారు. పార్లమెంటు మంజూరు చేయని సుంకాన్ని తనంతట తాను కట్టే వర్తకుడు కూడా ఇంగ్లండు స్వేచ్ఛకు ద్రోహి అన్నది వాటిలో ఒకటి. దీనికంతటికీ ముందు నిలబడ్డ జాన్ ఇలియట్‌ని లండన్ టవర్‌లో వేశారు. 1632లో అక్కడే పోయాడు. శవాన్ని సొంతూరికి తీసుకెళ్తామని కొడుకు అడిగితే, చనిపోయిన చోటి చర్చిలోనే పూడ్చమన్నాడు రాజు. అది చదివి పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఖజానా తాళం ఎవరి చేతిలో ఉందో తేలితే మిగతా అధికారాలన్నీ వాటంతటవే తేలిపోతాయని నా నమ్మకం. మీరేమంటారు?

హైకోర్టు మెట్లు (ఆదివారం, ఉదయం 10:05)

మాస్టారూ, నమస్కారం. ఈ విషయం మీద దారం మొదలుపెట్టినందుకు చాలా సంతోషం. మీరు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను, ఎందుకంటే ఓడల పన్ను కేసు నాకు ప్రాణం.

యుద్ధం ముంచుకొచ్చినప్పుడు రేవు పట్టణాలు రాజుకి ఓడలివ్వాలి, లేదంటే ఓడల ఖర్చివ్వాలి. అది పాత ఆచారం. చార్లెస్ 1634లో దాన్ని బయటికి తీశాడు. 1635కల్లా సముద్రం మొహం ఎరగని జిల్లాలకీ వేశాడు. ఆపైన ఏటేటా వేశాడు.

మా ఊళ్లో నా చిన్నప్పుడు చెరువు గట్టు తెగితే పెద్దమనుషులు ఇంటికింత అని వసూలు చేశారు. గట్టు వేశారు, అందరూ సంతోషంగానే ఇచ్చారు. మరుసటి ఏడు గట్టు నిక్షేపంగా ఉంది, వసూలు మాత్రం ఆగలేదు. రచ్చబండ దగ్గర మా నాన్న లేచి "పోయినేటి లెక్క చెప్పండి, ఈ ఏడుది ఇస్తాను" అన్నాడు. ఆయన చేతిలో డబ్బు ఉంది, చూపించాడు కూడా. ఆ ఒక్క మాటకి మమ్మల్ని రెండేళ్లు పెళ్లిళ్లకి పిలవలేదు.

జాన్ హాంప్‌డెన్ చేసింది అదే పని. బకింగ్‌హమ్‌షైర్‌లో పెద్ద ఆస్తిపరుడు. ఒక భూమి మీద ఆయన కట్టాల్సింది ఇరవై షిల్లింగులు, అంటే ఒక్క పౌను. ఆయనకి అది చిల్లరతో సమానం. కట్టను, రాజుకి ఈ హక్కు ఎక్కడిదో కోర్టు తేల్చాలన్నాడు. పన్నెండు మంది జడ్జీలు విన్నారు. 1638లో తీర్పు వచ్చింది. ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్‌డెన్ వైపు. కాగితం మీద రాజు గెలిచాడు. కానీ రాజు పెట్టిన జడ్జీల్లోనే ఐదుగురు కాదన్నారన్న సంగతి ఊరూరా పాకింది. ఆ తర్వాత ఆ పన్ను ఎప్పుడూ సరిగ్గా వసూలు కాలేదు.

మన రాజ్యాంగంలో 265వ అధికరణ ఒకే ఒక్క వాక్యం. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు. పన్ను కేసుల్లో ఆ వాక్యం చదివి వినిపించేటప్పుడు నాకు హాంప్‌డెన్ ఇరవై షిల్లింగులూ, మా నాన్న చేతిలోని నోట్లూ రెండూ గుర్తొస్తాయి.

ఎర్రనేల (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

వకీలు సాబ్, మీ నాయినకు దండం. కానీ హాంప్‌డెన్‌ను మీ నాయిన పక్కన నిలబెట్టొద్దు. హాంప్‌డెన్ భూస్వామి. ఆ కామన్స్ సభలో కూర్చున్నోళ్లంతా భూస్వాములు, వకీళ్లు, వర్తకులు. జిల్లాల్లో ఓటు కావాలంటే ఏడాదికి నలభై షిల్లింగుల రాబడి వచ్చే సొంత భూమి ఉండాలి. 1430 నుంచి అదే లెక్క. కౌలుదారుకు లేదు, కూలోడికి లేదు, ఆడోళ్లకు అసలే లేదు. రాజు చెయ్యి తమ జేబులో పడ్డదని వాళ్లు లేచారు. దాన్ని ప్రజల పోరాటం అంటే నేనొప్పుకోను.

మా తాత తరం గడీల ముందు వెట్టి చేసింది. దొరలకూ పైనున్న సర్కారుకూ పేచీ పడ్డా, కింద మోసేటోని మోత తగ్గదని మా ఇండ్లల్ల చెప్పుకునేవాళ్లు. అందుకే ఈ కథలో నాకు ముఖ్యమైన తారీఖు 1647 అక్టోబరు. యుద్ధంలో పార్లమెంటు సైన్యం గెలిచింది. ఆ సైనికులు లండన్ పక్కన పట్నీ అనే ఊళ్లో చర్చిలో కూర్చుని, రాజు ఓడిపోయిండు సరే, ఇప్పుడు ఓటు ఎవరికి అని వాదులాడుకున్నరు. కర్నల్ రెయిన్స్‌బరో అన్నడు: ఇంగ్లండులో అందరికన్నా పేదవాడికీ బతకడానికి ఒక బతుకుంది, అందరికన్నా గొప్పవాడికి ఉన్నట్టే. కాబట్టి ఏ ప్రభుత్వం కింద బతకాలో వాడు కూడా ఒప్పుకోవాలె అని. దానికి పార్లమెంటు సైన్యంలో పెద్ద సేనాని క్రామ్‌వెల్ అల్లుడు ఐర్టన్ జవాబు: భూమీ ఆస్తీ ఉన్నోళ్లకే దేశంలో శాశ్వతమైన పట్టు ఉంటది, ఓటు వాళ్లకే.

1649లో రాజు తల తీసిన నాలుగు నెలలకు, ఎదురుతిరిగిన ముగ్గురు సైనికులను బర్‌ఫర్డ్ చర్చి గోడ దగ్గర నిలబెట్టి కాల్చి చంపింది కూడా అదే పార్లమెంటు సైన్యం. మాస్టారూ, ఖజానా తాళం సరే. రాజు చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో అది గూడ రాయాలె.

పోటీ పరీక్ష 2 (ఆదివారం, రాత్రి 8:15)

సార్, నేను గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నాను. ఒక డౌటు. 1629 నుంచి 1640 దాకా పదకొండేళ్లు పార్లమెంటు లేకుండానే నడిపించాడు కదా. అలా నడిచిపోతుంటే 1640లో మళ్లీ ఎందుకు పిలిచాడు?

కృష్ణాతీరం (ఆదివారం, రాత్రి 9:50)

మంచి ప్రశ్న నాయనా. ముందు ఎర్రనేల గారికి: మీరు చెప్పింది న్యాయం, నా మొదటి పోస్టులో ఆ సంగతి లేకపోవడం లోటే.

ఇక నీ ప్రశ్న. యుద్ధం లేనంత కాలం రాజుకి గడిచిపోయింది. పాత జరిమానాలు తవ్వి తీశాడు, గుత్తాధిపత్యాలు అమ్మాడు, ఓడల పన్ను ఉండనే ఉంది. అలాంటివాడు కొరివితో తల గోక్కున్నట్టు స్కాట్లండు జోలికి వెళ్లాడు. 1637లో అక్కడి చర్చిల మీద ఇంగ్లండు పద్ధతి ప్రార్థనా పుస్తకాన్ని రుద్దాడు. ఎడింబరోలో సెయింట్ జైల్స్ చర్చిలో ఆ పుస్తకం మొదటిసారి చదువుతుంటేనే జనం తిరగబడ్డారు, కూర్చునే పీటలు విసిరారని చెబుతారు. 1638లో స్కాట్లు తమ చర్చి పద్ధతిని కాపాడుకుంటామని ఒడంబడిక రాసుకుని సంతకాలు పెట్టారు. చార్లెస్ వాళ్లమీదికి సైన్యాన్ని తీసుకెళ్లాలి. సైన్యానికి జీతాలివ్వాలి. జీతాలకి డబ్బు కావాలి. డబ్బుకి పార్లమెంటు కావాలి.

1640 ఏప్రిల్ 13న పిలిచాడు. ముందు మా ఫిర్యాదులు విను, తర్వాత డబ్బు అన్నారు. కోపమొచ్చి మూడు వారాల్లో, మే 5న, రద్దు చేశాడు. దాన్ని పొట్టి పార్లమెంటు అంటారు. ఆగస్టులో స్కాట్లు ఇంగ్లండులోకి చొచ్చుకొచ్చి న్యూకాజిల్ పట్టుకుని కూర్చున్నారు. సంధి కుదిరేదాకా తమ సైన్యం ఖర్చుకి రోజుకి 850 పౌన్లు ఇవ్వాలన్నారు. ఒప్పుకున్నాడు! తన రాజ్యాన్ని ఆక్రమించిన సైన్యానికి తనే రోజువారీ బత్తెం పోయాలి, ఆ డబ్బు పార్లమెంటు ఇస్తేనే ఉంది. ఇక జుట్టు వాళ్ల చేతికి ఇచ్చినట్టే. నవంబరు 3న కూర్చున్న సభే సుదీర్ఘ పార్లమెంటు.

ఆ ఒక్క ఏడాదిలో వాళ్లు చేసింది చూడు. మూడేళ్లకోసారైనా సభ జరగాలని చట్టం. సభ ఒప్పుకుంటే తప్ప రద్దు చేయకూడదని చట్టం. ఓడల పన్ను చెల్లదు. రాజు తనను కాదన్నవాళ్లను శిక్షించడానికి వాడుకున్న స్టార్ ఛాంబర్ కోర్టు రద్దు. రాజుకి కుడిభుజమైన స్ట్రాఫర్డ్‌కి 1641 మేలో మరణశిక్ష. ఏం కానివ్వనని మాటిచ్చిన రాజే ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ సంగతి జీవితాంతం ఆయన్ని తొలిచేసింది.

అయితే ఇన్ని సాధించాక సభ రెండుగా చీలింది, పరీక్షలో ఇది తప్పక రాయి. 1641 నవంబరులో రాజు తప్పులన్నీ ఏకరువు పెట్టిన మహా ఆక్షేపణ పత్రం కేవలం 11 ఓట్ల తేడాతో నెగ్గింది. 159, 148. అప్పుడే రాజు ఓపిక పట్టి ఉంటే సగం సభ ఆయన వైపే ఉండేది.

తూర్పు లండన్ (సోమవారం, తెల్లవారుజామున 3:20)

మాస్టారు గారూ, ఓపిక పట్టలేదు కాబట్టే 1642 జనవరి 4 వచ్చింది. ఆ రోజు సంగతి నేను చెబుతాను, నేనుండేది ఆ ఊళ్లోనే.

జాన్ పిమ్, హాంప్‌డెన్, హోల్స్, హేజల్‌రిగ్, స్ట్రోడ్. ఈ ఐదుగురు రాజద్రోహులని, పట్టుకోవడానికి చార్లెస్ స్వయంగా బయల్దేరాడు. వెంట నాలుగు వందల మంది దాకా సాయుధులు. వాళ్లు గుమ్మం దగ్గర ఆగారు. తలుపు మాత్రం ముయ్యనివ్వలేదు, లోపల కూర్చున్నవాళ్లకి పిస్తోళ్లు కనబడాలని. రాజు లోపలికి వచ్చి, మీ కుర్చీ కాసేపు వాడుకుంటానని స్పీకర్ విలియం లెంథాల్‌తో చెప్పి అక్కడ నిలబడి చుట్టూ చూశాడు. ఆ ఐదుగురూ లేరు. కబురు ముందే అంది, పడవెక్కి థేమ్స్ మీదుగా లండన్ సిటీలోకి వెళ్లిపోయారు. వాళ్లెక్కడున్నారని స్పీకర్ని అడిగాడు. లెంథాల్ మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడు: "ఈ చోట నాకు చూసే కళ్లు గానీ మాట్లాడే నాలుక గానీ లేవు ప్రభూ, ఈ సభ ఎలా చెబితే అలా తప్ప. నేను ఈ సభ సేవకుణ్ణి."

పదమూడేళ్ల కింద ఏడుస్తూ కుర్చీలో కూర్చున్న ఫించ్ గారిని తలుచుకుని ఈ మాట మళ్లీ చదవండి. ఫించ్ రాజు మనిషిగా ఆ కుర్చీలో ఉన్నాడు. లెంథాల్‌ని అప్పటిదాకా ఎవరూ పెద్ద ధైర్యవంతుడని అనుకోలేదు. మోకాళ్ల మీదే ఉన్నాడు, వినయంగానే చెప్పాడు, కానీ రాజుకి పేర్లు చెప్పలేదు.

"పిట్టలు ఎగిరిపోయాయి" అని రాజు వెనక్కి తిరిగాడు. వారం తిరక్కుండా లండన్ వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊరికి వచ్చింది ఖైదీగానే. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు సభ జరుగుతుండగా రాజు గానీ రాణి గానీ కామన్స్ సభా మందిరంలో అడుగు పెట్టలేదు. పార్లమెంటు ప్రారంభం రోజున బ్లాక్ రాడ్ అనే అధికారి సభ్యుల్ని పిలవడానికి వస్తే మొహం మీదే తలుపు వేస్తారు, చేతిలో ఉన్న నల్లకర్రతో మూడుసార్లు కొడితే అప్పుడు తీస్తారు. టీవీలో చూపిస్తారు. మా పాప మూడో దెబ్బ దాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది.

పోటీ పరీక్ష 2 (సోమవారం, ఉదయం 6:30)

అన్నా, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. థాంక్స్. ఇంకొక్కటి సార్, అప్పటికి రాజు దాదాపు అన్నిటికీ ఒప్పుకున్నాడు కదా, మరి యుద్ధం దేనికొచ్చింది?

కృష్ణాతీరం (సోమవారం, ఉదయం 8:10)

ఇక్కడే నా మొదటి పోస్టులోని మాట నేను కొంత దిద్దుకోవాలి. ఖజానా ఒక్కటే అన్నాను. కత్తి కూడా ఉంది. 1641 అక్టోబరులో ఐర్లండులో తిరుగుబాటు లేచింది. అణచాలంటే సైన్యం కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ సైన్యానికి అధిపతి ఎవరు? రాజు చేతికిస్తే ముందు మా మీదికే తిప్పుతాడని పార్లమెంటు భయం. 1642 మార్చిలో, కొంతకాలానికైనా సైన్యం మీద అధికారం ఇమ్మని అడిగితే చార్లెస్ అన్నాడు, "దేవుడి తోడు, ఒక్క గంటకి కూడా ఇవ్వను." నా భార్యాబిడ్డల చేతికైనా నమ్మి ఇవ్వనిదాన్ని అడుగుతున్నారు అన్నాడు. ఆగస్టు 22న నాటింగ్‌హమ్‌లో యుద్ధజెండా ఎత్తాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

బందరు రేవు (సోమవారం, మధ్యాహ్నం 2:45)

మాస్టారు గారు ఆగస్టు 22 అనగానే ఉలిక్కిపడ్డాను. సరిగ్గా మూడేళ్ల ముందు, 1639 ఆగస్టు 22న, దామర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు దగ్గర కోట కట్టుకోవడానికి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అనుమతి పత్రం ఇచ్చాడు. యాదృచ్ఛికమే అనుకోండి. కానీ ఈ గొడవకీ మన తీరానికీ నిజంగానే సంబంధం ఉంది, చెబుతాను.

మా బందరులో కంపెనీ 1611లోనే కోఠీ తెరిచింది. తర్వాత నెల్లూరు తీరంలో దుగరాజపట్నం దగ్గర ఇంకొకటి. కంపెనీ బతుకంతా రాజుగారిచ్చిన పట్టా మీద ఆధారపడింది. తూర్పు దేశాల వ్యాపారం మీకు తప్ప ఇంకెవరికీ లేదని అందులో రాసుంది. 1635లో చార్లెస్ ఏం చేశాడంటే, కోర్టీన్ అనే వర్తకుడి ముఠాకి కూడా లైసెన్సు ఇచ్చేశాడు. డబ్బు ఆశ. 1640లో స్కాట్లతో యుద్ధానికి చేతిలో పైసా లేక, కంపెనీ గోదాముల్లో ఉన్న మిరియాలన్నీ అప్పు మీద తీసుకున్నాడు. 63 వేల పౌన్ల పైచిలుకు సరుకు. దాన్ని రొక్కానికి అంతకంటే తక్కువకి తెగనమ్మి ఆ డబ్బు వాడుకున్నాడు. అరువుకి కొని నష్టానికి అమ్మడం! కంపెనీకి ఆ బాకీ ఏళ్ల తరబడి తీరలేదు.

ఇంకా విచిత్రం 1665లో. అప్పటికి రాజు కొడుకు రెండో చార్లెస్ గద్దె మీదున్నాడు. మద్రాసు కోటకి జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే కొత్త అధికారి వచ్చాడు, పార్లమెంటు పక్షపు మనిషి. ఆయన రాకతో పదవి పోయిన ఎడ్వర్డ్ వింటర్ అంతకుముందు మా బందరులో పనిచేసినవాడే. రాజుని తూలనాడాడని ఆరోపించి, వింటర్ సైనికులతో వచ్చి ఫాక్స్‌క్రాఫ్ట్‌ని పట్టుకుని బంధించాడు. పెనుగులాటలో కౌన్సిల్ సభ్యుడొకడు చనిపోయాడు. 1668లో ఇంగ్లండు నుంచి ఓడలొచ్చేదాకా కోట వింటర్ చేతిలోనే ఉంది. తల తెగి పదహారేళ్లయినా, అక్కడి పగ ఇక్కడి సముద్రపు ఒడ్డున రగులుతూనే ఉందన్నమాట.

మల్లెపందిరి (సోమవారం, సాయంత్రం 5:30)

అందరూ రాజు తప్పులే చెబుతున్నారు. నేను ఆయన్ని వెనకేసుకు రాను, కానీ ఆ చివరి పది రోజుల గురించి ఎవరూ మాట్లాడకపోతే ఈ చర్చకి న్యాయం జరగదు.

రాజుని విచారించాలంటే కామన్స్ సభలో మెజారిటీ లేదు. మెజారిటీ ఆయనతో రాజీకే మొగ్గింది. అందుకని 1648 డిసెంబరు 6న కర్నల్ ప్రైడ్ అనే సైనికాధికారి సభ గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని నిలబడ్డాడు. తనకి నచ్చని సభ్యుల్ని లోపలికి పోనివ్వలేదు, కొందరిని పట్టి బంధించాడు. ఐదుగురు సభ్యుల కోసం రాజు గుమ్మం దాకా సాయుధుల్ని తెచ్చాడని అంత కోపం వచ్చింది కదా. ఇది అంతకన్నా ఎన్ని రెట్లు పెద్ద తప్పు?

మిగిలినవాళ్లు కోర్టు పెట్టారు. 135 మందిని జడ్జీలుగా వేస్తే సగం మంది మొహమే చూపించలేదు. అధ్యక్షుడు బ్రాడ్‌షా, ఎవరైనా కాలుస్తారేమోనన్న భయంతో లోపల ఉక్కు రేకు పెట్టిన టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ప్రజల పేరిట ఈ విచారణ అని చదువుతుంటే, అది అబద్ధమని పైనుంచి ఒక ఆడగొంతు అరిచింది. పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ భార్యే ఆవిడ. తుపాకులు ఎక్కుపెట్టిన సైనికుల మధ్యలో అంత మాట అన్న ఆ తల్లిని నేను మర్చిపోలేను.

చార్లెస్ ఒకటే అడిగాడు: ఏ అధికారంతో నన్ను ఇక్కడికి తెచ్చారు? న్యాయబద్ధమైనది చెప్పండి, జవాబిస్తాను. చివరిదాకా ఎవరూ చెప్పలేకపోయారు. మధ్యలో ఆయన చేతికర్ర వెండి పిడి ఊడి కింద పడింది. ఎవరైనా తీసిస్తారని చూశాడు. ఒక్కరూ వంగలేదు. ఆయనే వంగి తీసుకున్నాడు.

చంపే ముందురోజు ఇద్దరు పిల్లల్ని చూపించారు. పదమూడేళ్ల ఎలిజబెత్, ఎనిమిదేళ్ల హెన్రీ. చిన్నవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నీ అన్నలు బతికుండగా నిన్ను రాజుని చేస్తామంటారు, ఒప్పుకోకు నాన్నా" అన్నాడు. "ముక్కలు చేసినా ఒప్పుకోను" అన్నాడు పిల్లాడు. జనవరి 30న బాగా చలి. చలికి వణికితే భయంతో వణికాడనుకుంటారని రెండు చొక్కాలు వేసుకుని వెళ్లాడు.

హైకోర్టు మెట్లు (సోమవారం, సాయంత్రం 6:40)

అమ్మా, వకీలుగా చెబుతున్నాను, ఆ కోర్టుకి అధికారం లేదు. అందులో నాకు రెండో మాట లేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా శిక్ష వేయడం న్యాయం కాదు. కాకపోతే, ఇలియట్ కొడుకు శవాన్ని అడిగిన రోజున, ఐదుగురు నైట్లు కారణం అడిగిన రోజున, ఆ ప్రశ్ననే రాజుని అడిగారు. అప్పుడు ఆయనా చెప్పలేదు.

ఎర్రనేల (సోమవారం, రాత్రి 7:25)

అక్కా, ప్రైడ్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ దారి ఎక్కడికి పోయిందో గూడ చూడాలె. 1653 ఏప్రిల్ 20న క్రామ్‌వెల్ సైనికుల్ని తీసుకొచ్చి మిగిలిన ఆ సభను కూడా ఖాళీ చేయించి తలుపులకు తాళం పెట్టించిండు. అదే ఏడాది డిసెంబరులో దేశానికి సంరక్షక ప్రభువు అయిండు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. ఇక ఐర్లండులో 1649లో డ్రాగెడా పట్టణంలో ఆయన చేయించిన ఊచకోతను ఐరిష్ వాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. రాజును కాదన్న ప్రతివాడూ ప్రజల మనిషి కాడని నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇందుకే.

నిర్వాహకులు (సోమవారం, రాత్రి 8:00)

చర్చ చాలా బాగా నడుస్తోంది. కేథలిక్, ప్రొటెస్టెంట్ విశ్వాసాల్లో ఏది సరైనదన్న వాదంతో వచ్చిన రెండు పోస్టులు తొలగించాం. ఆ విషయానికి వేరే దారం తెరవగలరు.

పోటీ పరీక్ష 2 (సోమవారం, రాత్రి 9:10)

1660లో మళ్లీ రాజే వచ్చాడు కదా సార్. అంటే అంత రక్తం పారినా మొదటికే వచ్చినట్టా?

హైకోర్టు మెట్లు (సోమవారం, రాత్రి 10:30)

మాస్టారి బదులు నేను చెబుతాను బాబూ, ఇది నా సబ్జెక్టు.

రాజు వచ్చాడు, కానీ స్టార్ ఛాంబర్ రాలేదు, ఓడల పన్ను రాలేదు. 1641లో చార్లెస్ సంతకం పెట్టిన ముఖ్యమైన చట్టాలు అలాగే నిలిచాయి. 1685లో రెండో జేమ్స్ వచ్చి, చట్టాల్ని తన ఇష్టప్రకారం పక్కన పెట్టవచ్చన్నాడు, శాంతికాలంలో పెద్ద సైన్యాన్ని పెంచాడు. 1688 నవంబరు 5న ఆయన అల్లుడు విలియం హాలండు నుంచి సైన్యంతో దిగాడు, జేమ్స్ ఫ్రాన్సుకి పారిపోయాడు. పుస్తకాల్లో రక్తరహిత విప్లవం అంటారు. ఇంగ్లండు వరకైతే సరే, ఐర్లండులో దాని కోసం పెద్ద యుద్ధాలే జరిగాయి.

1689 హక్కుల చట్టం అందరికీ తెలుసు. పార్లమెంటు లేకుండా చట్టాన్ని ఆపకూడదు, పన్ను వేయకూడదు, శాంతికాలంలో సైన్యాన్ని ఉంచకూడదు, సభలో మాట్లాడినదాన్ని బయట ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదు. ఈ చివరిది మన రాజ్యాంగం 105, 194 అధికరణల్లోకి వచ్చింది. కానీ నన్నడిగితే అసలు కీలకం అంతగా ఎవరూ చదవని రెండు చిన్న ఏర్పాట్లలో ఉంది. ఒకటి, సైన్యంలో క్రమశిక్షణకి సంబంధించిన చట్టానికి గడువు పెట్టారు, మళ్లీ మళ్లీ పొడిగించుకోవాలి. సభ పొడిగించకపోతే సైనికుణ్ణి సైనికుడిగా శిక్షించే అధికారమే ఉండదు. రెండోది, 1690లో కొత్త రాజు విలియంకి సుంకాలు నాలుగేళ్లకే ఇచ్చారు. 1625లో చార్లెస్‌కి ఒక్క ఏడాదికే ఇస్తామన్న ఆ సుంకాలే. ఈసారి రాజు గొణిగాడు, తీసుకున్నాడు. 1689 నుంచి ఒక్క ఏడాది కూడా పార్లమెంటు కూర్చోకుండా గడవలేదు. 1708లో ఆన్ రాణి ఒక బిల్లుకి ఆమోదం నిరాకరించింది, ఆ తర్వాత ఇప్పటిదాకా ఎవరూ నిరాకరించలేదు.

ఇది పాత కథ అనుకోవద్దు. 2019లో అక్కడి ప్రధాని సలహా మీద రాణి పార్లమెంటును ఐదు వారాలు ప్రొరోగ్ చేస్తే, అంటే సమావేశాలు ఆపేస్తే, సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జీలూ ఒకే మాటగా అది చెల్లదన్నారు. ఆ తీర్పులో 1611 నాటి కేసుని ఆధారంగా తీసుకున్నారు. రాజుకి చట్టం ఇచ్చిన అధికారం తప్ప వేరే అధికారం లేదన్న కేసు అది. చార్లెస్ తండ్రి జేమ్స్ కాలంలోది.

కృష్ణాతీరం (సోమవారం, రాత్రి 11:05)

వకీలు గారూ, ఆ నాలుగేళ్ల సుంకాల సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లకి నా పాఠం పూర్తయినట్టుంది. తూర్పు లండన్ గారూ, ఒక చిన్న కోరిక. విచారణ జరిగిన వెస్ట్‌మినిస్టర్ హాలు ఇంకా ఉందంటారు. ఎప్పుడైనా అటు వెళ్తే ఎలా ఉందో రాయగలరా? నేను చూడగలనన్న నమ్మకం లేదు.

తూర్పు లండన్ (శనివారం, రాత్రి 11:40)

మాస్టారు గారూ, ఆలస్యమైంది, సెలవు రోజు కోసం ఆగాను. ఈ రోజు పాపని తీసుకుని వెళ్లొచ్చాను.

హాలు అలాగే ఉంది. పైన చెక్క కప్పు, మధ్యలో స్తంభం ఒక్కటీ లేదు, మాట్లాడితే గొంతు చాలాసేపు తిరుగుతుంది. దక్షిణం వైపు మెట్ల మీద ఇత్తడి పలక ఒకటి నేలలోకి దించి ఉంది, చార్లెస్ కూర్చున్న చోటని. చుట్టూ తాడు గానీ అద్దం గానీ లేవు. జనం దాని పక్కనుంచే ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. కర్ర పిడి ఇక్కడే పడిందా నాన్నా అని పాప వంగి నేల మీద చెయ్యి పెట్టి చూసింది, మల్లెపందిరి గారి పోస్టు తనకి చదివి వినిపించాను.

బయటికి వస్తే క్రామ్‌వెల్ విగ్రహం, ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో బైబిలు. 1899లో పెట్టారు. ఐరిష్ సభ్యులు గట్టిగా అడ్డుపడితే ప్రభుత్వ సొమ్ము ఇవ్వలేకపోయారు, రోజ్‌బరీ ప్రభువు సొంత డబ్బు పెట్టాడు. రోడ్డుకి అవతల సెయింట్ మార్గరెట్స్ చర్చి గోడకి చార్లెస్ తల బొమ్మ, చిన్నది, చూపిస్తే తప్ప కనపడదు. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

అక్కణ్ణుంచి వైట్‌హాల్ మీదుగా నడిచి, తల తీసిన బాంక్వెటింగ్ హౌస్ దాకా వెళ్లాం. దానికి ఎదురుగా హార్స్ గార్డ్స్ గడియారం ఉంది. గంటల అంకెల్లో రెండు దగ్గర చిన్న నల్ల మచ్చ. ఆ మధ్యాహ్నం రెండు గంటలకి జరిగిందని గుర్తుగా పెట్టిందని చెబుతారు. మేం వెళ్లేసరికి ఒంటిగంట నలభై. పాప రెండయ్యేదాకా అక్కడే నిలబడతానంది. నిలబడ్డాం.